కట్టింది వాళ్ళు, కడుగుతున్నది మనం

బడి నుంచి ఇంటికొచ్చిన ఆడపిల్ల సంచిలోని నీళ్ళ సీసాని ఎప్పుడైనా పైకెత్తి చూశారా? పొద్దున అమ్మ నింపి పంపిన సీసా సాయంత్రానికి దాదాపు అలాగే తిరిగొస్తుంది. అదే ఇంట్లో మగపిల్లాడి సీసా మధ్యాహ్నం గంట కొట్టేలోపే ఖాళీ అవుతుంది. "నీళ్ళెందుకు తాగలేదే?" అని అడిగితే "దప్పిక కాలా" అంటుంది. మార్కాపురం ఎండల్లో, బళ్ళు తెరిచిన జూన్ నెలలో, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా గదిలో కూర్చున్న పిల్లకి దప్పిక కాలేదట!

నేను 35 ఏళ్ళు టీచరుగా పనిచేసి 2024లో రిటైరయ్యాను. మార్కాపురం, కంభం, గిద్దలూరు చుట్టుపక్కల పల్లెల్లోనే నా సర్వీసంతా గడిచింది. ఎన్నో తనిఖీలు చూశాను. రిజిస్టర్లు, ఫోటోలు, యాప్‌లు చూశాను. బడి ఆరోగ్యంగా ఉందో లేదో చెప్పడానికి ఆడపిల్ల నీళ్ళ సీసాని మించిన రికార్డు నాకు కనపడలేదు. దాన్ని తనిఖీ చేసిన అధికారి మాత్రం ఒక్కరూ లేరు.

ఆ మాటకొస్తే నేనూ నీళ్ళు తాగలేదు. 1989లో ఉద్యోగం వచ్చినప్పుడు నా మొదటి బడి గిద్దలూరు వైపు ఒక పల్లెలో ఉండేది. రెండు గదులు, ముందు వసారా, వెనక చిల్లకంప. మగ టీచర్లు ఆ కంప వెనక్కి వెళ్ళొచ్చేవాళ్ళు. మగపిల్లలు ప్రహరీ లేని బడికి ఊరంతా ప్రహరీయే అన్నట్టు ఎక్కడంటే అక్కడ నిలబడేవాళ్ళు. నేను పొద్దున ఏడింటికి ఇంట్లో బయల్దేరితే సాయంత్రం ఆరుకి తిరిగొచ్చేదాన్ని. ఆ పదకొండు గంటలూ గుక్కెడు నీళ్ళు తాగాలంటే భయం. నలభై ఏళ్ళు రాకముందే మూత్రంలో మంట, చలిజ్వరం. తగ్గడం, మళ్ళీ రావడం. డాక్టరు "టీచరై ఉండి నీళ్ళు తాగాలని తెలీదా మీకు?" అని కోప్పడ్డాడు. నీళ్ళు తక్కువ తాగితే, వచ్చిన మూత్రాన్ని ఆపుకుంటే ఇన్ఫెక్షన్లు వస్తాయనీ రాళ్ళు చేరతాయనీ పిల్లలకి పాఠం చెప్పేదాన్ని నేనే. తెలీక కాదు డాక్టర్ గారూ, చోటు లేక.

బడి భవనాల భద్రత అనగానే మనకి గుర్తొచ్చేవి కాలిన పాకలు, కూలిన కప్పులు. 2004 జులై 16న తమిళనాడులోని కుంభకోణంలో బడి కాలి 94 మంది పిల్లలు చనిపోయారు. ఆ కేసు నేపథ్యంలో 2009 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, చదువుకునే హక్కులో సురక్షితమైన బడిలో చదువుకునే హక్కు కూడా ఉందని చెప్పింది. పదహారేళ్ళ తర్వాత, 2025 జులై 25న, రాజస్థాన్‌లోని ఝాలావాడ్ జిల్లాలో ప్రభుత్వ బడి కప్పు కూలి ఏడుగురు పిల్లలు పోయారు. పైనుంచి చిన్న చిన్న రాళ్ళు రాలుతున్నాయని ముందే చెప్పామని, ఎవరూ పట్టించుకోలేదని బతికిన పిల్లలు విలేకరులతో అన్నారు. వెంటనే దేశమంతా బళ్ళని తనిఖీ చెయ్యమని ఆదేశాలొచ్చాయి.

వీటిని నేను తక్కువ చెయ్యడం లేదు. ఇనుప చువ్వలు బయటపడ్డ కప్పు కింద, వానొస్తే పిల్లల్ని ఆ మూల నుంచి ఈ మూలకి జరుపుకుంటూ, నేనూ పాఠాలు చెప్పాను. కానీ ఒక్కసారిగా కూలే కప్పు వార్త అవుతుంది. పదేళ్ళపాటు రోజూ నీళ్ళు తాగకుండా కూర్చున్న ఆడపిల్ల మూత్రపిండం వార్త కాదు. నెలకి నాలుగు రోజులు బడి మానేసి, చివరికి పూర్తిగా మానేసిన పిల్ల ఏ ప్రమాదాల లెక్కలోకీ రాదు. ఆ పిల్ల పేరు ఎదురుగా రిజిస్టర్లో "డ్రాపౌట్" అని రాస్తాం. బడి ఆమెని బయటికి నెట్టేసిందని రాయం. ఆమే వదిలి వెళ్ళిపోయిందని రాస్తాం.

కాగితాల మీద మనకేం తక్కువ లేదు. 1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డు వచ్చింది. ప్రతి ప్రాథమిక పాఠశాలకీ కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లు, అందులో ఒకరు స్త్రీ, ఆడపిల్లలకీ మగపిల్లలకీ వేరువేరుగా మరుగుదొడ్లు అన్నారు. ఆ లెక్కలో స్త్రీ టీచరుగా మా బడికి నేను వచ్చాను. మరుగుదొడ్డి రాలేదు. 2010 ఏప్రిల్ 1 నుంచి విద్యాహక్కు చట్టం అమల్లోకొచ్చింది. అన్ని కాలాలకీ తట్టుకునే భవనం, వేరువేరు మరుగుదొడ్లు, సురక్షితమైన తాగునీరు, వంటగది, ప్రహరీ అని షెడ్యూల్లో రాసి మూడేళ్ళ గడువిచ్చారు. గడువు ఇంకా ముగియకముందే, 2012 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు జోక్యం చేసుకుని ఆరు నెలల్లో బళ్ళన్నిటికీ మరుగుదొడ్లు, తాగునీరు ఏర్పాటు చెయ్యమంది. 2014 ఆగస్టు 15న ఎర్రకోట మీంచి ప్రధానమంత్రి ఏడాదిలో ప్రతి బడిలో ఆడపిల్లలకి వేరే మరుగుదొడ్డి ఉంటుందని ప్రకటించారు. ఏడాది తిరిగేసరికి నాలుగు లక్షలకు పైగా కట్టేశామన్నారు.

వాటిలో ప్రభుత్వరంగ సంస్థలు కట్టించిన వాటిని కాగ్ పరిశీలించింది. 15 రాష్ట్రాల్లో 2,695 మరుగుదొడ్లు చూసి, 2020లో పార్లమెంటుకి నివేదిక ఇచ్చింది. కొన్ని అసలు లేనే లేవు. ఉన్నవాటిలో 72 శాతం వాటికి లోపల కుళాయి నీళ్ళు లేవు. 55 శాతం చోట్ల చేతులు కడుక్కునే ఏర్పాటు లేదు. నీళ్ళు లేని మరుగుదొడ్డిని ఏమనాలి? మా పల్లెల్లో అయితే గొళ్ళెం పెట్టి, చీపుర్లు, విరిగిన బెంచీలు పెట్టుకునే కొట్టు అంటారు.

1987 నుంచి ఇప్పటిదాకా ఈ వరుసంతా చదివితే నాకొకటే అనిపిస్తుంది. దాదాపు నలభై ఏళ్ళుగా మనం ఒకే మరుగుదొడ్డిని మళ్ళీ మళ్ళీ కడుతున్నాం. ఎందుకంటే కట్టడానికి శంకుస్థాపన ఉంటుంది, శిలాఫలకం ఉంటుంది, కాంట్రాక్టు ఉంటుంది, బిల్లు ఉంటుంది. కట్టినదాన్ని రోజూ కడగడానికి, పగిలిన కుళాయి మార్చడానికి, నిండిన గుంట తోడించడానికి శిలాఫలకం ఉండదు. ఇది మనకి కొత్త సంగతా? ఇల్లు కట్టింది ఆయన అంటారు. ఆ ఇంటిని ముప్పై ఏళ్ళు ఊడ్చి, అలికి, కడిగి నిలబెట్టిన ఆమె పేరు ఏ గుమ్మం మీదా ఉండదు. ఆమె "ఇంట్లోనే ఉంటుంది, ఏం చెయ్యదు". మన ఇళ్ళని నడిపే ఈ నీతే మన బళ్ళ భవనాల విధానాన్నీ నడుపుతోంది. కట్టడం విధానం. కడగడం ఆడవాళ్ళ పని.

దీనికి సాక్ష్యం కావాలంటే దూరం పోనక్కర్లేదు. 2019 నవంబర్ 14న ఒంగోలులో, ఒక మున్సిపల్ హైస్కూల్లో, అప్పటి ముఖ్యమంత్రి "మన బడి నాడు-నేడు" ప్రారంభించారు. మొదటి విడతలో 15 వేలకు పైగా బళ్ళు. నీళ్ళతో సహా మరుగుదొడ్లు, తాగునీరు, మరమ్మతులు, కరెంటు, ఫ్యాన్లు, బెంచీలు, ప్రహరీ. నిజం చెప్పాలి. నా సర్వీసులో మొదటిసారి టైల్స్ వేసిన బాత్‌రూమూ, లోపల కుళాయీ అప్పుడే చూశాను. పిల్లలు పగలబడి నవ్వుతూ కుళాయి తిప్పడం, ఆపడం, మళ్ళీ తిప్పడం చూసి నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. ఆ పనిని నేను తీసిపారెయ్యను.

కానీ తర్వాత ఏం జరిగింది? కట్టిన మరుగుదొడ్లని శుభ్రంగా ఉంచడానికి డబ్బు కావాలి. ఆ డబ్బు ఎక్కణ్ణించి తెచ్చారో తెలుసా? తల్లుల ఖాతాలోంచి! పిల్లల్ని బడికి పంపే తల్లికి "అమ్మఒడి" కింద ఏడాదికి 15,000 ఇస్తామన్నారు. 2021 జనవరిలో అందులోంచి 1,000 మరుగుదొడ్ల నిర్వహణ నిధికి మినహాయించుకున్నారు. 2022లో బడి నిర్వహణకంటూ మరో 1,000 కోశారు. తల్లి చేతికి 13,000 మిగిలింది. 2024లో ప్రభుత్వం మారింది. పథకం పేరు "తల్లికి వందనం" అయింది. 2025 జూన్‌లో తల్లుల ఖాతాల్లో పడింది ఎంత? అదే 13,000. మిగతా 2,000 బడి నిర్వహణకి. రెండు పార్టీలు ఏ ఒక్క విషయంలోనూ ఒకమాట మీద ఉండవంటారు గానీ, తల్లి కొంగుముడి విప్పడంలో చక్కగా ఏకాభిప్రాయానికొచ్చాయి.

"ఇచ్చేది ప్రభుత్వమే కదా, అందులో రెండు వేలు తీసుకుంటే తప్పేంటి?" అని నా సహోద్యోగులే వాదించారు. "డబ్బు కడితే బాత్‌రూమ్ బాగాలేదని అడిగే హక్కు తల్లులకి వస్తుంది" అని కూడా అన్నారు. అంటే డబ్బు కట్టకముందు ఆ హక్కు లేదా? విద్యాహక్కు చట్టం రాసినప్పుడే వచ్చిన హక్కుని మళ్ళీ రెండు వేలు పెట్టి కొనుక్కోవాలా? ఇంకొక ప్రశ్న అడుగుతాను. రోడ్డు మీద గుంటలు పూడ్చడానికి ఏ ప్రభుత్వమైనా తండ్రుల ఖాతాలోంచి ఏడాదికి వెయ్యి కోసుకుందా? కలెక్టరాఫీసు బాత్‌రూములు కడగడానికి ఏ ఉద్యోగి తల్లి ఖాతాలోంచైనా మినహాయించుకున్నారా? ఖజానా అనేది ఒకటుంది. వంతెనకీ, విమానాశ్రయానికీ అది గుర్తొస్తుంది. ఆడపిల్ల మరుగుదొడ్డి దగ్గరికొచ్చేసరికి మాత్రం అమ్మ గుర్తొస్తుంది.

డబ్బు అమ్మది. మరి చేతులెవరివి? ఆయావి. 2021లో బళ్ళల్లో మరుగుదొడ్లు కడగడానికి ఆయాలని పెట్టుకోమన్నారు. చిన్న బడికి ఒకరు. నెలకి 6,000 రూపాయల "గౌరవ వేతనం". జీతానికి గౌరవం అనే మాట తగిలించారంటే అందులోంచి ఏదో కోసేశారని అర్థం. జీతం అంటే కనీస వేతనం అడుగుతారు, పీఎఫ్ అడుగుతారు, వేసవి రెండు నెలలకీ అడుగుతారు. గౌరవానికి ఇవేవీ ఉండవు కదా! నేను చూసిన ఆయాల్లో ఎక్కువమంది దళిత స్త్రీలు, భర్త పోయినవాళ్ళు, వదిలేసినవాళ్ళు. చేతికి గ్లౌజులు లేకుండా, ముక్కుకి పైట చెంగు చుట్టుకుని, యాసిడ్ సీసా వంచుతుంటే పొగకి కళ్ళు నీళ్ళు కారేవి. మా బడి ఆయాని "ఆ పొగ పీల్చకమ్మా, దూరంగా జరుగు" అంటే, "జరిగితే యాడ పడతదో కనపడదు టీచరమ్మా" అంది. బడి భవనం ఆరోగ్యంగా ఉండాలనే విధానంలో ఈమె ఊపిరితిత్తులు భాగం కావా? మనుషుల మలమూత్రాలు కడిగే పనిని ఏ కులానికి, ఏ లింగానికి ఈ దేశం కేటాయించిందో పిల్లలు సాంఘికశాస్త్రం పుస్తకంలో చదవనక్కర్లేదు. రోజూ ప్రార్థన టైముకి కళ్ళారా చూస్తున్నారు.

ఆయా రాకముందు ఈ పని ఎవరు చేసేవాళ్ళు? ఆడపిల్లలు. ఏ బడికి వెళ్ళినా వంతులు ఒకలాగే ఉండేవి. గంట కొట్టేది మగపిల్లాడు. టీచరుకి టీ తెచ్చేది మగపిల్లాడు. గది ఊడ్చేదీ, కుండలో నీళ్ళు నింపేదీ, స్టాఫు బాత్‌రూముకి బకెట్టు మోసేదీ ఆడపిల్లలు. ఆయా రాని రోజున చాలాచోట్ల ఇంకా వాళ్ళే.

ఇక నీళ్ళ సంగతి. మా ప్రాంతం తెలియనివాళ్ళకి ఇది చెప్పాలి. మా అమ్మ చిన్నతనంలో మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలో ఉండేవి. 1970లో ఒంగోలు జిల్లాలో కలిపారు. తర్వాత అది ప్రకాశం జిల్లా అయింది. ఇన్నేళ్ళూ పశ్చిమ ప్రకాశం అనిపించుకున్నాం. ఈమధ్యే మార్కాపురం పేరుతో జిల్లా వచ్చింది. పేర్లు మారాయి గానీ బోర్లలో నీళ్ళు మారలేదు. ఉంటే ఫ్లోరైడు, లేకపోతే గాలి. మాకు ఆనుకునే ఉన్న పొదిలి, దర్శి, కనిగిరి అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉండేవి. నీళ్ళలోని ఫ్లోరైడు వల్ల మనుషుల ఎముకలు వంగిపోతున్నాయని దేశంలో మొట్టమొదట వైద్య పరిశోధకులు 1937లో రాసింది ఆ పల్లెల గురించే. స్వాతంత్ర్యానికి పదేళ్ళ ముందు! లీటరు నీళ్ళలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము మించకూడదు, వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా తాగొచ్చు అని ప్రమాణం పెట్టుకున్నాం. పళ్ళమీద గోధుమరంగు గీతలున్న పిల్లల్ని మొదటి బెంచీలో కూర్చోబెట్టుకుని నేను పాఠం చెప్పాను. నవ్వేటప్పుడు చేత్తో నోరు మూసుకునేవాళ్ళు ఆడపిల్లలే. "పళ్ళు ఇట్టుంటే ఎవరు చేసుకుంటారే" అనే మాట ఇంట్లో వినేదీ వాళ్ళే.

వెలిగొండ ప్రాజెక్టు నీళ్ళ కోసం మూడు దశాబ్దాలుగా ఎదురుచూస్తున్నాం. 2024 మార్చిలో సొరంగాలని జాతికి అంకితం చేశారు. సొరంగానికి అంకితం ఉంటుంది, బడి కుళాయికి ఉండదు. మా వైపు అందరికీ తెలిసిన పెద్ద నీటి కట్టడం కంభం చెరువు. అయిదు వందల ఏళ్ళ కిందటిది. శ్రీకృష్ణదేవరాయల భార్య వరదరాజమ్మ కట్టించిందని మా పెద్దవాళ్ళు చెబుతారు. నీళ్ళు లేకపోతే ఏమవుతుందో ఒక ఆడమనిషికి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుందిలే అనుకునేదాన్ని ఆ కట్ట మీద బస్సులో పోతున్నప్పుడల్లా.

బళ్ళల్లో నీళ్ళు శుద్ధిచేసే ఆర్వో యంత్రాలు పెట్టారు. సంతోషం. ఫిల్టరు మార్చేదెవరు? అది పాడైతే ఎన్ని రోజుల్లో బాగుచెయ్యాలి? ఆ నీళ్ళని ఎవరు, ఎన్ని నెలలకోసారి పరీక్షిస్తారు? పరీక్ష ఫలితం తల్లికి ఎవరు చెబుతారు? యంత్రం కొన్న తేదీ ఉంటుంది. ఈ ప్రశ్నలకి జవాబులుండవు. నీళ్ళని పట్టించుకోకపోతే ఏమవుతుందో 2025 అక్టోబర్‌లో చూశాం. పార్వతీపురం మన్యం జిల్లా కురుపాం గిరిజన బాలికల గురుకులంలో కామెర్లు వ్యాపించి వందమందికి పైగా అమ్మాయిలు ఆసుపత్రుల పాలయ్యారు. ఇద్దరు చనిపోయారు. ఆ భవనం కూలలేదు. గోడలు నిలబడే ఉన్నాయి. పిల్లలే కూలిపోయారు.

మార్కాపురం పేరు చెబితే అందరికీ గుర్తొచ్చేది పలక. దేశంలో ఎక్కడెక్కడి పిల్లలో మా రాతి పలకల మీద అక్షరాలు దిద్దారు. ఆ రాతిని కోసి, అరగదీసి, చట్రం బిగించే షెడ్లలో దుమ్ము తెల్లగా గాలిలో తేలుతూ ఉంటుంది. అందులో సిలికా ఉంటుంది. ఏళ్ళ తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు గట్టిపడిపోతాయి. ఒకప్పుడు అక్కడ పెద్దవాళ్ళతో పాటు బడికి పోవలసిన పిల్లలూ పనిచేసేవాళ్ళు. 1980ల చివర్లో దేశంలో మొదలుపెట్టిన తొలి బాలకార్మిక ప్రాజెక్టుల్లో మార్కాపురం పలకల పరిశ్రమ ఒకటి. ఊరు ఊరంతా బడి పిల్లలకి పలకలు పంపింది. ఆ పలకలు చేసిన పిల్లలు బడి ముఖం చూడలేదు. నా క్లాసులో ఆ షెడ్లలో పనిచేసే తల్లుల పిల్లలుండేవాళ్ళు. తల్లి అక్కడ దుమ్ము పీలుస్తుంది. కూతురు ఇక్కడ మట్టినేల గది ఊడుస్తూ దుమ్ము పీలుస్తుంది. చదువు కోసం ఆడవాళ్ళు ఊపిరి ఇవ్వడం మా ఊళ్ళో మామూలు విషయం.

ఇంతవరకూ ప్రభుత్వాన్ని తిట్టాను. ఇప్పుడు నా సంగతి చెబుతాను. పాతికేళ్ళకు పైగా ఎవరికీ చెప్పుకోలేకపోయిన సంగతి.

1990ల చివర్లో నేను పనిచేసిన ఒక అప్పర్ ప్రైమరీ స్కూల్లో ఎట్టకేలకు ఒక మరుగుదొడ్డి కట్టారు. ఒక్కటే. దాని మీద "స్టాఫ్" అని రాయించాం. నీళ్ళు తక్కువ, పిల్లలు పాడుచేస్తారు అని తాళం వేశాం. బడిలో ఆడ టీచర్ని నేనొక్కదాన్నే కాబట్టి తాళం చెవి నా హ్యాండ్‌బ్యాగులో ఉండేది. పదేళ్ళు చెట్ల వెనక్కి వెళ్ళలేక, నీళ్ళు తాగలేక అల్లాడిన నాకు ఆ తాళం చెవి ఎంత గొప్పగా ఉండేదో! ఒకరోజు మార్కాపురంలో ట్రైనింగుందని వెళ్ళాను. తాళం చెవి నాతోనే వచ్చింది. ఆ రోజు ఏడో తరగతి పిల్లకి క్లాసులో నెలసరి మొదలైంది. అదే మొదటిసారి. లంగా వెనక మరక చూసి మగపిల్లలు నవ్వారు. ఆ పిల్ల లేచి, సంచి నడుముకి అడ్డం పెట్టుకుని, తాళం వేసిన తలుపు దాకా వెళ్ళి, కాసేపు నిలబడి, అట్నుంచటే ఇంటికి వెళ్ళిపోయిందట. మళ్ళీ బడికి రాలేదు.

రెండుసార్లు వాళ్ళింటికి వెళ్ళాను. "పెద్దమనిషయింది గదా టీచరమ్మా, ఇంకేం సదువులే" అంది నాయనమ్మ. ఆ పిల్ల తలుపు చాటున నిలబడి నావైపు చూసింది. నా హ్యాండ్‌బ్యాగు వైపు చూసిందేమోనని నాకు ఇప్పటికీ అనుమానం. రెండేళ్ళకి పెళ్ళి చేశారు. రిజిస్టర్లో ఆమె పేరు ఎదురుగా నేనే నా చేత్తో కారణం రాశాను. "తల్లిదండ్రుల నిరక్షరాస్యత." పచ్చి అబద్ధం. కారణం నా బ్యాగులో ఉంది.

ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, ప్రభుత్వం కొరతని సృష్టిస్తుంది. ఆ కొరతకి కాపలా మనచేత కాయిస్తుంది. అత్త చేతికి వంటింటి తాళాలిచ్చి కోడలి మీదికి తోలినట్టు, ఆడ టీచరు చేతికి ఒక తాళం చెవి ఇచ్చి ఆడపిల్లల మీదికి తోలుతుంది. మనం కూడా అది అధికారమే అనుకుంటాం. మా టీచర్ల సంఘాల మీటింగుల్లో పీఆర్‌సీ గురించి, బదిలీల గురించి గంటలు గంటలు మాట్లాడాం. ఆడవాళ్ళ మరుగుదొడ్ల డిమాండు చివరి అంశంగా ఉండేది. అక్కడికొచ్చేసరికి బస్సు టైమయ్యేది. స్త్రీల సభల్లో కథల గురించి, కవితల గురించి, శరీర రాజకీయాల గురించి మాట్లాడుకున్నాం. శరీరం అంటే అందులో మూత్రాశయం కూడా ఉంటుందని మనకి మనమే గుర్తుచేసుకోలేదు.

2021 అక్టోబర్‌లో "స్వేచ్ఛ" కింద ఏడు నుంచి పన్నెండో తరగతి దాకా ఆడపిల్లలకి నెలకి పది శానిటరీ నాప్‌కిన్లు ఇవ్వడం మొదలుపెట్టారు. మంచిదే. అది మార్చుకోవడానికి లోపల గడియ పడే తలుపు కావాలి కదా? పారెయ్యడానికి మూత ఉన్న బుట్ట, ఆ బుట్టని ఖాళీ చేసే మనిషి, ఆ మనిషికి జీతం కావాలి కదా? వస్తువు ఇచ్చి ఊరుకోవడం తేలిక. ఏర్పాటుని నిలబెట్టడమే కష్టం. స్త్రీలకి ఎప్పుడూ వస్తువులే ఇస్తారు.

కాబట్టి కొత్త పథకాలేవీ నేను అడగడం లేదు. ఉన్నవాటిని నిలబెట్టమంటున్నాను. బడి నిర్వహణ డబ్బు ఖజానా నుంచి రావాలి. తల్లుల 2,000 తల్లులకి ఇచ్చెయ్యాలి. ఆయాని బడి ఉద్యోగిగా గుర్తించి, పన్నెండు నెలలూ కనీస వేతనం, గ్లౌజులు, బూట్లు, సెలవులు, వైద్యం ఇవ్వాలి. యాసిడ్ సీసా ఆమె చేతికి ఇవ్వడం మానెయ్యాలి. బోరు నీళ్ళనీ ఆర్వో నీళ్ళనీ ఏడాదికి రెండుసార్లయినా పరీక్ష చేయించి, ఫ్లోరైడు ఎంతుందో, క్రిములున్నాయో లేదో బడి గోడ మీద తేదీతో సహా రాయాలి. పలక మీద రాసినట్టు, అందరికీ కనపడేట్టు. కప్పు పెచ్చులూడితే, కుళాయి విరిగితే, తలుపు గడియ పడకపోతే పిల్లలే రాసే పుస్తకం ఒకటి ప్రతి బడిలో ఉండాలి. దానికి ఎన్ని రోజుల్లో జవాబు రావాలో విధానంలో ఉండాలి. బడి యాజమాన్య కమిటీలో సగంమంది స్త్రీలుండాలని విద్యాహక్కు చట్టంలో రాసే ఉంది. సంతకం ఆమెది, కుర్చీలో మొగుడు అనే పద్ధతి పోయి, ఆమే వచ్చి ఆ పుస్తకం తెరిచి చదవాలి. తనిఖీకి వచ్చిన అధికారి ఆడవారైనా మగవారైనా, ముందు పొద్దుటి నుంచి పిల్లలతో పాటు ఆ నీళ్ళే తాగి, ఆ బాత్‌రూముకే వెళ్ళాలి. ఆ తర్వాత రిపోర్టు రాసుకోవచ్చు.

"ఇంత చిన్న విషయాలా?" అంటారని తెలుసు. ఇల్లు నడపడంలో ఆడవాళ్ళు చేసే పనులన్నీ చిన్న విషయాలే. వాటిని ఒక్కపూట మానేస్తే తెలుస్తుంది ఎంత పెద్దవో.

రిటైరైన రోజున నాకు శాలువా కప్పారు. సన్మానపత్రం చదివారు. ఇంటికొచ్చి పాత హ్యాండ్‌బ్యాగులన్నీ దులుపుతుంటే ఒకదాని అడుగున ఆ తాళం చెవి దొరికింది. ఆ బడి పాతది పడగొట్టి కొత్తది కట్టారు, ఆ తాళమూ లేదు, తలుపూ లేదు. చెవి మాత్రం నా దగ్గరుంది. పారెయ్యలేదు. ఎవరైనా నన్ను మంచి టీచరన్నప్పుడల్లా తీసి చూసుకుంటాను.

ఈ వ్యాసం చదివిన టీచరమ్మలందరినీ ఒకటే అడుగుతున్నాను. రేపు బడికి వెళ్ళాక ముందు మీ బ్యాగులో చూసుకోండి. తర్వాత ఆడపిల్లల నీళ్ళ సీసాలు చూడండి. అవి సాయంత్రానికి ఖాళీ అయ్యేదాకా మన బడి సురక్షితమైన బడి అని ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి.